పాత కారులో కొత్త నీళ్లు

"నా టబ్బు ఎవడు కడిగాడు?"

షెడ్డులోకి అడుగు పెట్టగానే సైలెన్సర్ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. చేతులకు సంకెళ్లు, పక్కన కానిస్టేబులు, నాలుగింటికి హత్యానేరం కింద కోర్టు మెట్లెక్కాల్సిన మనిషి. అతని చూపు మాత్రం గోడవారన బోర్లించి ఉన్న రేకు టబ్బు మీదే ఉంది.

"నోర్ముయ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మూస్తాను సార్, మూయకేం. కానీ పుట్టి బుద్ధెరిగాక ఆ టబ్బుని నేను కడిగిన పాపాన పోలేదు. ఎవడో తోమి మరీ బోర్లించాడు. యజమాని మారాడా అని అడుగుతున్నానంతే."

యజమాని మారాడన్న మాటకు ఎవరూ నవ్వలేదు. యజమాని మొన్న రాత్రి పోయాడు. నిన్న తెల్లవారి ఇదే షెడ్డులో, తన పాతకాలపు కారులో, స్టీరింగు ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే బిగుసుకుపోయి కనిపించాడు.

డిటెక్టివ్ జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. సైలెన్సర్ అన్నది ఆ మెకానిక్‌కు వీధి పెట్టిన పేరు. పగిలిన సైలెన్సర్ ఎంత చప్పుడు చేస్తుందో అతని నోరూ అంతే. లాకప్‌లో ఊరిన చెమట, మాడిన ఆయిలు, దవడలో దాచుకున్న పొగాకు, మూడూ కలిసి మనిషి కంటే ముందే గదిలోకి వచ్చాయి. మాట్లాడుతుంటే పెదవి మూల గోధుమరంగు నురగ కడుతోంది. దాన్ని మోచేత్తో తుడిచి, ఆ మోచేతిని చొక్కాకు తుడుచుకుంటున్నాడు. ఈ మనిషిని కాపాడటానికా నేను వచ్చింది అనుకుంటే డిటెక్టివ్‌కు కడుపులో తిప్పింది.

రోత అతనికి ఒక ఇంద్రియం. తక్కినవాళ్లు కళ్లతోనూ చెవులతోనూ మనిషిని అంచనా వేస్తే అతను కడుపుతో వేసేవాడు. అయితే ఆ కడుపుకి నేరమూ తెలుసు, గోళ్లలో మట్టీ తెలుసు. దేన్ని చూసి తిప్పుతున్నదో అది విడమరిచి చెప్పదు. అందుకని ఎవరిని చూస్తే ఎక్కువ అసహ్యం పుడుతుందో వాళ్ల మాట ఇంకొకసారి వినాలని నియమం పెట్టుకున్నాడు. ఆ నియమం మీద అతనికి ప్రేమేమీ లేదు. చేదు మాత్ర మింగినట్టు పాటిస్తాడు.

అతన్ని పిలిపించింది పెద్దాయన కూతురు. ఇవాళ మధ్యాహ్నం రైలు దిగి, నేరుగా ఆసుపత్రికి వెళ్లి తండ్రిని చూసి, అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"ఆ మెకానిక్ మంచివాడని నేననను," అంది. "వెధవే. కానీ పోలీసులు కారులో తీసిన ఫొటోలో మా నాన్న ఒంటిమీద బనియను తిరగేసి ఉందండీ. కుట్లు పైకి కనిపిస్తున్నాయి. కారు తుడిచే గుడ్డని కూడా అంచులు కలిపి మడిచే మనిషాయన. పోలీసులకి చెబితే, ముసలితనంలో అలాగే ఉంటుందమ్మా అని పంపించేశారు."

ఇప్పుడామె నలిగిన ప్రయాణపు బట్టలతోనే షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన ఆమె తమ్ముడు. తండ్రితో కలిసి ఈ ఇంట్లో ఉంటున్నది అతనొక్కడే. మెత్తటి గొంతు, శుభ్రమైన చేతులు, చేతుల్లో మడతపెట్టిన తువ్వాలు. వచ్చినవాళ్లు చేతులు తుడుచుకోవడానికి తెచ్చాడు. ఆ గదిలో డిటెక్టివ్‌కు రోత పుట్టించని మనిషి అతనొక్కడే.

ఇన్‌స్పెక్టర్‌ది ఇంకో రకం రోత. ఒకప్పుడు అతనూ డిటెక్టివూ ఒకే స్టేషన్లో పనిచేశారు. వెనకాల అతన్ని అందరూ ఇస్త్రీ అనేవాళ్లు. చొక్కా నలగదు, తల చెదరదు, అతను కట్టిన కేసులో ముడత కనపడదు. ముడత ఉన్న చోట కాస్త నీళ్లు చల్లి అణగదొక్కుతాడు. అత్తరు వాసన షెడ్డులోని ఆయిలు వాసనతో కలిసి మరీ దుర్భరంగా ఉంది.

"చూడవయ్యా, నీ ముచ్చట కాదనలేక వీణ్ని తీసుకొచ్చాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "త్వరగా కానిస్తే నా దారిన నేను కోర్టుకు పోతాను."

"పెద్దాయన దేనివల్ల పోయాడు?"

"కారు పొగ. పోస్టుమార్టం రిపోర్టు చూశావుగా."

"రిపోర్టులో విషవాయువు అని ఉంది. కారు అన్నది నువ్వు తగిలించావు."

"మూసి ఉన్న షెడ్డు. కారుకి తిప్పి ఉన్న తాళం. చచ్చిన బ్యాటరీ. ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. ఇంజిను రాత్రంతా తిరిగి తిరిగి ఆగిపోయింది. పసిపిల్లాడిని అడిగినా చెబుతాడు."

"ట్యాంకు ఆయన ఎప్పుడూ ఎండగట్టే ఉంచుతాడు సార్," అన్నాడు సైలెన్సర్. "బండి బయటికి తీసే రోజే పోస్తాడు. తాళం తిప్పి వదిలేస్తే బ్యాటరీ ఇంజిను తిరక్కుండానే చస్తుంది."

"నిన్ను అడిగానా?"

"ప్రమాదం ఎందుకు కాకూడదు?" అన్నాడు డిటెక్టివ్.

"తలుపుకి బయటి నుంచి గడియ పడి ఉంది. పోయినాయన లేచి వెళ్లి గడియ పెట్టి మళ్లీ వచ్చి కూర్చోడు కదా! షెడ్డులోకి ఎప్పుడంటే అప్పుడు వచ్చిపోయే బయటివాడు వీడొక్కడే. ఆ సాయంత్రమే ఇద్దరూ వీధంతా వినేలా అరుచుకున్నారు. అసలు సామాను నొక్కేసి నకిలీది బిగించావని ఆయన, ముసలాడికి మతి చెడిందని వీడు."

డిటెక్టివ్ మెకానిక్ వైపు తిరిగాడు. "నొక్కేశావా?"

సైలెన్సర్ పళ్లు బయటపెట్టాడు. పళ్లకంటే చిగుళ్లు నల్లగా ఉన్నాయి. "ఒక దీపం, ఒక గడియారం. కాదంటే కళ్లు పోతాయి. అమ్మేశాను, తాగేశాను. అది నా బతుకు సార్. కానీ ముసలాయన్ని చంపితే నేను ఇంకేం నొక్కాలి, ఎక్కడ నొక్కాలి?"

ఇంత నీచమైన న్యాయం డిటెక్టివ్ ఈ మధ్యకాలంలో వినలేదు. కానీ న్యాయమే.

"ఆ సాయంత్రం ఏం చేశావో చెప్పు."

"రేడియేటర్ కారుతోంది. విప్పి అతుకు వేయించాలి. పొద్దుటికి పని సులువవుతుందని సాయంత్రమే నీళ్లన్నీ ఆ టబ్బులోకి దింపేశాను. కుళాయి తెరిచే ఉంచి, మూత తీసి సీట్లో పెట్టి వెళ్లాను. నీళ్లు లేని ఇంజిను రాత్రంతా ఎలా తిరుగుతుంది? కాసేపటికే కొలిమిలా కాగి పట్టేస్తుంది. ఇప్పుడు తిప్పి చూడండి, వెన్నలా తిరుగుతుంది. రాత్రి నుంచీ ఇదే చెప్పి చెప్పి నా గొంతు పోయింది."

"నీ గొంతు పోవడమా?" అన్నాడు కానిస్టేబులు తనలో తాను.

ఇన్‌స్పెక్టర్ కారు ముందుకు వెళ్లి రేడియేటర్ మూత తిప్పి తీశాడు. మెడ దాకా నీళ్లు మెరిశాయి. "ఇదిగో నీ ఖాళీ రేడియేటర్. వాడి కథ మొత్తం అబద్ధమని చెప్పడానికి ఇది చాలదూ?"

"నిండుగా ఉందని మొదట చూసిందెవరు?"

"నేనే. ఇవాళ పొద్దున."

"నీకంటే ముందు?"

ఇన్‌స్పెక్టర్ చొక్కా చేతి అంచు సరిచేసుకున్నాడు. "రాత్రి వీడు ఇలా వాగుతున్నాడని అబ్బాయిగారికి ఫోన్ చేశాను. మూత తీసి ఒకసారి చూసి చెప్పమన్నాను. నిండుగానే ఉందన్నారు."

"అంటే, ముద్దాయి తనని తాను ఎలా కాపాడుకుంటున్నాడో ఈ ఇంటికి నువ్వే ఫోన్ చేసి చెప్పావు. షెడ్డుకి సీలు వేశావా?"

"ముద్దాయి లాకప్‌లో ఉంటే సీలు ఎవరికోసం? దొంగని లోపల పెట్టి ఇంటికి కాపలా కాయమంటావా?"

డిటెక్టివ్ కొడుకు వైపు చూశాడు.

"అవునండీ," అన్నాడు కొడుకు మెల్లగా. "టార్చిలైటు వేసి చూశాను. నిండుగానే ఉంది. నాకు ఈ కారు గురించి పెద్దగా తెలీదు. నాన్నగారు నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు."

"వీడు బిగించింది ఏదీ నిలవదని పదిమంది ముందూ అనేవాడు నాన్న," అంది అక్క. ఆ మాట తమ్ముడి మీద జాలితోనే అంది. "ఈ కారుకి ఇచ్చిన మర్యాద వాడికి ఇవ్వలేదు పాపం."

కొడుకు తువ్వాలు మడత సరిచేశాడు.

డిటెక్టివ్ కారు తలుపు తెరిచాడు. లేతరంగు తోలు సీటు. శవం కూర్చున్న చోట, సరిగ్గా మధ్యలో, గుండ్రంగా ఒక మచ్చ. వేలితో రాస్తే ఎర్రగా తుప్పు అంటుకుంది. రుమాలుతో వేలు తుడుచుకుని, ఆ రుమాలును మళ్లీ జేబులో పెట్టుకోవాలంటే మనసొప్పక బానెట్ మీద వదిలేశాడు.

"ఇదేమిటి?"

"టీ గ్లాసు మచ్చ," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ అతని చేతిలోంచి రేడియేటర్ మూత తీసుకుని మచ్చ మీద పెట్టాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

"ఆ అలవాటు పెద్దాయనదే సార్," అన్నాడు సైలెన్సర్. మొదటిసారి అతని గొంతు కాస్త తగ్గింది. "నీళ్లు తీసిన బండికి మూత డ్రైవరు సీట్లో పెట్టాలి. ఎవడైనా మతిమాలి స్టార్ట్ చేద్దామని కూర్చుంటే కింద గుచ్చుకుని లేస్తాడు. ఎన్నిసార్లు తిట్టి తిట్టి నేర్పాడో నాకు. అలాంటి ఆయన తనే దానిమీద కూర్చుంటాడా?"

"కూర్చోడు," అన్నాడు డిటెక్టివ్. "ఆయన్ని కూర్చోబెట్టినవాడికి ఆ అలవాటు తెలీదు. అడ్డంగా ఉన్న మూతని చూసి తీసి పక్కన పడేశాడు."

"ఎప్పుడో పెట్టిన మూత, ఎప్పుడో పడ్డ మచ్చ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈ మచ్చని చూపించి ముద్దాయిని వదలమంటే జడ్జిగారు నా మొహాన ఉమ్మేస్తారు."

"అయితే నీళ్లు చూద్దాం. వాడి సంకెళ్లు తియ్యి. రేడియేటర్ విప్పిస్తాను."

"నీకు పిచ్చి గానీ పట్టిందా?"

"సంకెళ్లతో విప్పమంటే పళ్లతో విప్పాలి సార్," అన్నాడు సైలెన్సర్. "ఉన్నవి నాలుగు పళ్లు."

కానిస్టేబులు సంకెళ్లు తీశాడు. సైలెన్సర్ మణికట్లు నలుపుకుని, టబ్బును తిరగేసి, లోపల వేలితో గీసి, "సబ్బు కూడా పెట్టాడు దరిద్రుడు," అని గొణుక్కుంటూ దాన్ని కారు ముక్కు కిందికి తోశాడు. డిటెక్టివ్ నేలమీద ఒక గోనెసంచి పరుచుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. కింద నేలంతా ఏళ్ల తరబడి పేరుకున్న నల్లటి జిడ్డు. దానిలో వెంట్రుకలు, ఈగల రెక్కలు, ఒక పిప్పరమెంటు కాగితం. ఊపిరి బిగపట్టుకుని లోపలికి వంగాడు.

వెనక అక్క గొంతు వినిపిస్తోంది. "ఇన్‌స్పెక్టర్ గారూ, నాన్న బాత్‌రూమ్ ఇంకెప్పటిదాకా వాడకూడదండీ? రాత్రంతా రైల్లో వచ్చాను, ఒళ్లంతా జిడ్డుగా ఉంది."

"వాడకూడదని ఎవరన్నారమ్మా?"

"మీరే అన్నారట కదా!"

"నేనా? ఈ షెడ్డుతోనే నాకు తల ప్రాణం తోకకొస్తోంది. మీ బాత్‌రూమ్‌తో నాకేం పని? నిక్షేపంగా వాడుకోండి."

"పైన నాది వాడుకో అక్కా," అన్నాడు తమ్ముడు.

"ఆ మెట్లెక్కే ఓపిక లేదురా. మోకాళ్లు నా మాట వినడంలేదు."

ఆమె అడుగులు పెరటి మీదుగా ఇంటివైపు వెళ్లాయి. డిటెక్టివ్ అవన్నీ విన్నాడు. వీధిలో ఎవరో మాట్లాడుకుంటుంటే విన్నట్టు విన్నాడు. అతని కళ్లు రేడియేటర్ అడుగున ఉన్న చిన్న ఇత్తడి కుళాయి మీద ఉన్నాయి. సాయంత్రం తెరిచే ఉంచానని సైలెన్సర్ చెప్పిన కుళాయి ఇప్పుడు బిగించి ఉంది.

"పైన మూత తీసే ఉంచండి సార్," అన్నాడు సైలెన్సర్. "మూత పెట్టి కింద తిప్పితే నీళ్లు ఏడుస్తాయి గానీ రావు. గాలి ఆడాలి."

తనే పట్టుకారు పెట్టి తిప్పాడు. కుళాయి కీచుమంది. ఒక పుక్కిలింత ఎర్రటి నీరు టబ్బులో పడింది, ఆగిపోయింది. సైలెన్సర్ బూతు మాట ఒకటి అని, సన్నటి తీగ తీసుకుని కుళాయి నోట్లో పొడిచాడు. తుప్పు ముక్క ఒకటి ఊడిపడింది. దాని వెనకాల నీళ్లు ధారకట్టాయి.

తేట నీళ్లు. టబ్బు అడుగున రేకు మీది గీతలు కనపడేంత తేట.

డిటెక్టివ్ మురికికి సిద్ధపడి వచ్చాడు. ముక్కు, కడుపు, చర్మం అన్నీ ముడుచుకుని కాచుకుని ఉన్నాయి. ఆ శుభ్రమైన ధారను చూస్తే మురికిని చూసినదానికంటే ఎక్కువ ఒళ్లు జలదరించింది. ముసలి శరీరంలోంచి పసిపిల్లాడి గొంతు విన్నట్టుంది. వేలు ముంచి వాసన చూశాడు. వీధి కుళాయి నీళ్లలో ఉండే మందు వాసన.

"నేను దింపింది టీ డికాషన్ లాంటి నీళ్లు," అన్నాడు సైలెన్సర్. "ఇవి బిందెలో పట్టుకోవచ్చు."

"తేటగా ఉంటే?" ఇన్‌స్పెక్టర్ తేరుకున్నాడు. అతను తెలివితక్కువవాడు కాడు, అదే అతనితో వచ్చిన చిక్కు. "వీడే ఆ సాయంత్రం రేడియేటర్ కడిగి కొత్త నీళ్లు పోసి ఉంటాడు. కడిగిన గిన్నెలో నీళ్లు రాత్రంతా తిరిగినా తేటగానే ఉంటాయి. ఇంకేం చూపిస్తావు?"

"కడిగిందో లేదో చూపిస్తాను. విప్పవోయ్."

సైలెన్సర్ పైగొట్టం బిగింపు వదులు చేసి, గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి లాగాడు. తర్వాత కింది గొట్టం. ఫాను రెక్కలకూ రేడియేటర్‌కూ మధ్య ఒక అట్టముక్క దూర్చాడు, తీసేటప్పుడు జాలీ చిరగకుండా. చేతులు మురికివే, పని మాత్రం శుభ్రంగా ఉంది. డిటెక్టివ్‌కు అదికూడా నచ్చలేదు. మనిషిని పూర్తిగా అసహ్యించుకోనివ్వని చిన్న చిన్న మంచి లక్షణాలంటే అతనికి చిరాకు.

మూడు బోల్టులు వచ్చాయి. నాలుగోది మొరాయించింది.

కొడుకు గుమ్మంలో అటూ ఇటూ కదిలాడు. "నేనొకసారి లోపలికి వెళ్లొస్తానండీ," అన్నాడు.

"ఉండండి, మీరు సాక్షి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రేపు ఈయనగారు ఇంకేదో అంటే మీరు చూశారని చెప్పాలి."

"సరేనండీ."

డిటెక్టివ్ తల తిప్పి చూశాడు. కొడుకు భుజాలు దిగాయి. ఎవరో తన చేతిలోని బరువు అందుకున్నట్టు దిగాయి. రేడియేటర్ సంగతి బయటపడుతుందని బెంగ, పారిపోవాలని చూసి మానుకున్నాడు అనుకున్నాడు డిటెక్టివ్. ఆ నీళ్లు పోసిందీ, పాత నీళ్లు పారబోసి టబ్బు తోమిందీ అతనేనని అప్పటికే తెలుసు. ఆ తెలిసిన సంగతే మిగతాదాన్ని కప్పేసింది.

నాలుగో బోల్టు విరిగినంత చప్పుడు చేసి వచ్చింది. సైలెన్సర్ రేడియేటర్‌ను ఎత్తి, పసిబిడ్డను పట్టుకున్నట్టు పొట్టకు ఆనించుకుని, టబ్బు మీద తలకిందులు చేశాడు.

మొదట ఏమీ రాలేదు. తర్వాత లోపల ఏదో కదిలింది. చిక్కటి, ఎర్రటి బురద, పైన జిగురు మీగడ, ముద్దలు ముద్దలుగా జారి తేట నీళ్లలో పడింది. ఊడిపోయిన పుండు పెచ్చుల్లా తుప్పు పొరలు. కుళ్లిన ఇనుము వాసన, ఎన్నో వేసవుల పాటు మూతపెట్టి ఉడికించిన వాసన. చూస్తుండగానే టబ్బులో నీళ్లన్నీ ఎర్రబడ్డాయి. కానిస్టేబులు మొహం పక్కకు తిప్పుకుని ఓకరించాడు. డిటెక్టివ్ మాత్రం వంగి చూశాడు. గొంతులోకి ఎగదన్నింది మింగుకుని మరీ చూశాడు.

"ఇదేనా కడిగిన గిన్నె?"

ఇన్‌స్పెక్టర్ టబ్బు దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"ఈ బురద మీద మెల్లగా నీళ్లు పోసి కదపకుండా వదిలేస్తే ఇది అడుగునే ఉంటుంది, పైన తేరుకుంటుంది. ఇంజిను కాసేపు తిరిగితే చాలు, ఇప్పుడు టబ్బులో అయినట్టే అవుతుంది. అంటే ఈ నీళ్లు పోశాక ఇంజిను తిరగలేదు. పోయకముందు తిరిగితే పట్టేసి ఉండేది, పట్టెయ్యలేదు. మొన్న రాత్రి ఈ కారు కదల్లేదయ్యా. ఒక్క దమ్ము పొగ కూడా వదల్లేదు."

"విన్నారా!" సైలెన్సర్ రేడియేటర్ కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకున్నాడు. "నేను దొంగనే గానీ..."

"మరి పొగ?" ఇన్‌స్పెక్టర్ అడ్డుపడ్డాడు. ఆ గొంతులో ఓటమి లేదు, ఉక్రోషం ఉంది. "పెద్దాయన రక్తంలో విషవాయువు అబద్ధమా? ఎక్కడి నుంచి వచ్చింది? ఆకాశం నుంచా?"

మంచి ప్రశ్న. డిటెక్టివ్ దాన్ని ఇంతదాకా అడగలేదు. ముద్దాయి పని కాదని తేల్చడంలోనే అతని బుద్ధంతా ఇరుక్కుపోయింది. ఇప్పుడా ప్రశ్న పట్టుకుని వెనక్కి నడిచాడు. కారు కాదు. ఈ షెడ్డు కాదు. ఆయన ఇంకెక్కడో పోయాడు, ఇక్కడికి మోసుకొచ్చారు. మోసినవాడు బయటికి వెళ్తూ చేతి అలవాటు కొద్దీ గడియ పెట్టాడు, ప్రమాదంలా కనపడాల్సింది హత్యలా తయారైంది. బనియను తిరగేసి ఉంది. ఎవరో తొడిగారు. తొడగాల్సి వచ్చిందంటే అప్పటికి ఒంటిమీద బట్టల్లేవు. మనిషి ఒంటిమీద బట్టల్లేకుండా, తలుపు వేసుకుని, ఒంటరిగా ఉండే చోటు ఇంట్లో ఒక్కటే.

నాన్న బాత్‌రూమ్ వాడకూడదని పోలీసులు అన్నారట.

డిటెక్టివ్ లేచాడు. "మీ నాన్నగారి బాత్‌రూమ్‌లో నీళ్లు దేంతో కాగుతాయి?"

కొడుకు తువ్వాలు వైపు చూశాడు.

"మిమ్మల్నే. కరెంటా, గ్యాసా? గాలాడని గదిలో గ్యాసు మంట కూడా అదే విషవాయువు కక్కుతుంది."

పెరటి అవతల, ఇంట్లో ఎక్కడో, నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు. ఇందాకటి నుంచీ పడుతూనే ఉంది. మగ్గు చప్పుడు లేదు, అడుగుల చప్పుడు లేదు. నీళ్లు మాత్రం పడుతున్నాయి.

డిటెక్టివ్ పరుగెత్తాడు. వెనకాల ఇన్‌స్పెక్టర్ బూట్లు. పెరడు, వంటిల్లు, చీకటి నడవా. నడవా చివర తలుపు కింద నుంచి ఆవిరి పాకుతోంది. దబదబా బాదాడు. "అమ్మా! అమ్మా, తలుపు తీయండి!" గడియ లోపల నుంచి బిగించి ఉంది. పలుకు లేదు.

"తప్పుకో," అన్నాడు ఇన్‌స్పెక్టర్. భుజంతో గుద్దాడు. మళ్లీ గుద్దాడు. చొక్కా కుట్టు టప్పున తెగింది.

వాళ్ల వెనక కొడుకు వచ్చి నిలబడ్డాడు. పరుగెత్తి రాలేదు, నడిచి వచ్చాడు.

"కంగారు పడకండి," అన్నాడు అదే మెత్తటి గొంతుతో. "ఇంకా ఏమీ అయ్యుండదు. ఇప్పుడేగా వెళ్లింది. నాన్నగారికి చాలాసేపు పట్టింది."

ఇన్‌స్పెక్టర్ భుజం గాల్లోనే ఆగిపోయింది.

"కొట్టు!" అని అరిచాడు డిటెక్టివ్.

మూడోసారి ఇద్దరూ కలిసి గుద్దారు. గడియ చెక్కతో సహా ఊడి వచ్చింది. తలుపు సగం తెరుచుకుని ఆగింది. దాని వెనకే ఆమె పడి ఉంది. ఒంటికి తువ్వాలు చుట్టుకుని, చెయ్యి గడియ వైపు చాచి ఉంది. తలుపు తీద్దామని లేచి, అందుకోలేక పడిపోయింది. గోడ మీద గ్యాస్ హీటరు మంట పసుపుపచ్చగా, బద్ధకంగా ఊగుతోంది. పైన వెంటిలేటర్‌కు అడ్డంగా చెక్క బిగించి ఉంది. చెక్క పాతది, మేకులు కొత్తవి.

ఊపిరి బిగబట్టి ఆమెను నడవాలోకి, వంటింట్లోంచి పెరట్లోకి లాక్కొచ్చారు. సైలెన్సర్ ఎప్పుడు లోపలికి దూరాడో, హీటరు కట్టేసి, చేతికందిన ఇనప కడ్డీతో వెంటిలేటర్ చెక్కను పెకలిస్తున్న చప్పుడు. ఇన్‌స్పెక్టర్ అంబులెన్సు కోసం ఫోన్లో కేకలు పెడుతున్నాడు. డిటెక్టివ్ ఆమె తలను పక్కకు తిప్పి పట్టుకున్నాడు. ఎండలో ఆమె చెంపలు అసహ్యం పుట్టించేంత ఆరోగ్యంగా, ఎర్రగా ఉన్నాయి. చాలాసేపటికి ఆమె పొట్ట ఎగిరింది. అతని చేతుల మీదే వాంతి చేసుకుంది. అతను చేతులు తియ్యలేదు.

"బతికింది," అన్నాడు. "నాలుగింటికి కోర్టుకి నువ్వు తీసుకెళ్లాల్సింది ఆ మెకానిక్‌ను కాదు."

ఇన్‌స్పెక్టర్ తలాడించాడు. చిరిగిన చొక్కాను కప్పుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

కొడుకు నడవాలోంచి ఇంకా బయటికి రాలేదు. డిటెక్టివ్ లేచి, అలాగే తడి చేతులతో లోపలికి వెళ్లాడు. అతను ఊడిన తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. జుట్టు చెదరలేదు. కళ్లలో భయం లేదు, ఏడుపు లేదు. ఇందాకటి నుంచీ తన కడుపు ఈ ఒక్క మనిషిని చూసే ఊరుకున్నదని గుర్తొచ్చి డిటెక్టివ్‌కు తన ఒళ్లే తనకు అంటరానిదిగా తోచింది.

"చాలాసేపు పట్టిందన్నారు," అన్నాడు. "ఎంతసేపైందో మీకెలా తెలుసు? ఎక్కడున్నారు అప్పుడు?"

కొడుకు వచ్చినవాళ్లకు కుర్చీ చూపించినంత మర్యాదగా, తలుపు పక్కన తను నిలబడి ఉన్న చోటే చేత్తో చూపించాడు.

"ఇక్కడేనండీ. మొదట్లో కాసేపు నన్ను పిలిచారు కూడా."